ప్లీహం పాల్పబుల్, టెన్షన్ పాల్పబుల్: రెండూ ఒకే మాటేనా?

కర్నూలులో బీఎస్సీ నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వార్డులో కేస్ షీట్ మీద "స్ప్లీన్ జస్ట్ పాల్పబుల్" అని ఉంటే ప్లీహం కొద్దిగానే పెరిగిందని, కష్టం మీద చేతికి తెలిసిందని సార్ చెప్పారట. అదే వారం ఇంగ్లీషు పేపర్లో కడప జిల్లాలో ఓట్ల లెక్కింపు ముందు రోజు గురించి "పాల్పబుల్ టెన్షన్" అని రాశారు. అక్కడేమో టెన్షన్ విపరీతంగా ఉందని అర్థం. ఒకే మాట ఒకచోట అంతంతమాత్రం, ఇంకోచోట తట్టుకోలేనంత ఎలా అయింది? నర్సింగ్ నోట్స్‌లో విజిబుల్, నోటిసబుల్ అనే చోట కూడా ఈ మాట రాయొచ్చా?

అమ్మా, చాలా మంచి ప్రశ్న అడిగారు. నేను కర్నూలు, అనంతపురం వార్డుల్లో పిల్లలకు రోగి పక్కన నిలబడి పాఠం చెప్పినవాణ్ణి. ఇంగ్లీషు సాహిత్యం మీద మొదటినుంచీ ఇష్టం ఉంది. ఈ మాట ఆ రెండు చోట్లా నాకు పదేపదే ఎదురైంది కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను.

ముందు అసలు సంగతి. పాల్పబుల్ అనే మాట ఎక్కువా తక్కువా అన్నది చెప్పదు. మామూలుగా చేతికి దొరకనిది చేతికి దొరికింది అని చెబుతుంది. ప్లీహం పక్కటెముకల చాటున దాక్కుని ఉంటుంది, చేతికి దొరక్కూడదు. కాబట్టి దాని కొస వేలికి తగిలిందంటే అదే పెద్ద విషయం, ఎంత కొంచెం తగిలినా సరే. టెన్షన్‌కి అసలు ఒళ్లే లేదు. ఒళ్లు లేనిది కూడా చేతికి తగిలేటట్టు ఉందంటే అది ఎంత ఉండాలి! డాక్టరుకి కొంచెంగా, విలేకరికి బోలెడంతగా కనిపించడానికి కారణం ఇదే. పరీక్ష ఒక్కటే, పరీక్షకు పెట్టిన వస్తువులు వేరు.

మీరు వార్డులో ఉన్నారు కాబట్టి ప్లీహం దగ్గర కాస్త ఆగుదాం. మామూలు ప్లీహం సుమారు 150 గ్రాములుంటుంది. ఎడమవైపు 9, 10, 11 పక్కటెముకల కింద ఒదిగి ఉంటుంది. సాధారణంగా అది రెండు మూడింతలు పెరిగితే గానీ పెద్దవాళ్లలో చేతికి రాదు. పెరిగేటప్పుడు నేరుగా కిందికి కాదు, ఏటవాలుగా బొడ్డు మీదుగా కుడి గజ్జ వైపు వస్తుంది. అందుకే చేతిని ఎడమ పక్కటెముకల దగ్గర కాకుండా కుడివైపు పొత్తికడుపు దగ్గర మొదలుపెట్టమంటాం. అక్కడినుంచి కాకుండా నేరుగా ఎడమ పక్కకే చెయ్యి పెడితే, బాగా పెరిగిన ప్లీహం అంచు మీ చేతికి కిందుగా ఉండిపోతుంది. అప్పుడు మీరు నొక్కుతున్నది ప్లీహాన్నే అయినా ఏమీ లేదని రాసేస్తారు.

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు కొద్దిగా మడవమనాలి. మీ చేతులు వెచ్చగా ఉండాలి. చల్లటి చెయ్యి పడగానే కడుపు కండరాలు బిగుసుకుంటాయి, ఇక ఏమీ తెలియదు. వేళ్ల కొసలతో పొడవకూడదు, అరచేయి పరిచి చూపుడువేలి పక్క అంచును ముందుకు పెట్టాలి. తరువాత కొత్తవాళ్లకు బాగా కష్టమైన పని: చెయ్యి కదపకుండా ఉంచి రోగిని గాలి పీల్చమనడం. చెయ్యి ప్లీహాన్ని వెతుక్కుంటూ పోదు, గాలి పీల్చినప్పుడు ప్లీహమే కిందికి దిగి వచ్చి వేలికి తగులుతుంది, నీళ్లలో చెయ్యి పెట్టి కదలకుండా ఉంటే చేప వచ్చి తగిలినట్టు. గాలి వదిలాక చేతిని కొంచెం పైకి జరిపి మళ్లీ పీల్చమనాలి. అలా ఎడమ పక్కటెముకల అంచుదాకా పోవాలి. చివరిసారి గాలి పీల్చినప్పుడు, సరిగ్గా ఆ అంచు దగ్గర, మెత్తగా గుండ్రంగా ఏదో ఒకటి వేలిని తాకి వెనక్కి పోయిందనుకోండి. దాన్నే "జస్ట్ పాల్పబుల్" అంటాం. మన పెద్దవాళ్లు "కడుపులో బల్ల పెరిగింది" అనేది ఈ ప్లీహం గురించే. అయితే వాళ్లు ఆ మాట అనే సమయానికి అది బాగా కిందికి దిగి, ఎవరు చెయ్యి వేసినా తెలిసేంత ఉండేది.

చేతికి తగలడం అనే ఈ చిన్న విషయం మీద ఒకప్పుడు ఊళ్లకు ఊళ్ల ఆరోగ్యాన్ని లెక్కగట్టారు. మలేరియా పదేపదే వస్తే ప్లీహం పెరుగుతుంది. అందుకని 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను వరసగా పరీక్షించి, నూటికి ఎంతమందికి ప్లీహం చేతికి తగిలిందో చూస్తే దాన్ని స్ప్లీన్ రేట్ అంటారు. నూటికి పది లోపు ఉంటే ఆ ఊళ్లో మలేరియా తక్కువ, యాభై దాటితే తీవ్రం, 75 దాటితే అతితీవ్రం అని వర్గాలు చేశారు. 1840ల్లో ఉత్తర భారతంలో సాగునీటి కాలువల పక్క ఊళ్లలో డెంప్‌స్టర్ అనే డాక్టరు ఈ పద్ధతి వాడాడు. మన కర్నూలు-కడప కాలువ (కె.సి. కెనాల్) తవ్వకం అప్పటికి మొదలే కాలేదు. మలేరియాను దోమ మోస్తుందని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో తేల్చింది 1897లో. అంటే జబ్బు ఎలా సోకుతుందో తెలియక ముందే, దాదాపు యాభై ఏళ్ల ముందే, పిల్లల కడుపు మీద చెయ్యి వేసి ఏ ఊరు ఎంత జబ్బుపడిందో చెప్పగలిగారు. పాల్పబుల్ అనే మాటకు వైద్యంలో ఉన్న విలువ ఏమిటో చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చేది ఇదే.

ఇప్పుడు మాట పుట్టుక. లాటిన్‌లో పల్పారే అనే క్రియ ఉంది. మెత్తగా తాకడం, నిమరడం, తడమడం దాని అర్థం. రోమన్లు అదే మాటను ముఖస్తుతి చేసి పని జరిపించుకోవడానికీ వాడారు, అలాంటివాణ్ణి పల్పాటోర్ అనేవాళ్లు. మనం "ఆయన్ని బాగా దువ్వుతున్నాడు" అంటామే, అచ్చం అదే. దాన్నుంచి పల్పాబిలిస్, అంటే తడిమి తెలుసుకోదగినది, వచ్చింది. 14వ శతాబ్దం చివరికి అది ఇంగ్లీషులో చేరింది. గమనించండి, ఇందులో ఉన్నది గట్టిగా పట్టుకోవడం కాదు, గుద్దడం కాదు. మెత్తగా తడమడం. ప్లీహం దగ్గర నేను చెప్పిన చెయ్యి ఇదే చెయ్యి.

చేతికి దొరకనిది దొరకడం అనే భావం ఈ మాటలో బలపడడానికి బైబిల్లోని చీకటి కూడా తోడయింది. ఈజిప్టు మీద పడ్డ శిక్షల్లో మూడు రోజుల చీకటి ఒకటి. క్రీ.శ. 400 ప్రాంతంలో జెరోమ్ అనే క్రైస్తవ పండితుడు చేసిన లాటిన్ అనువాదంలో ఆ చీకటి తడమగలిగేంత దట్టమైనది అని ఉంటుంది. అక్కడ వాడింది ఈ పల్పారే క్రియనే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో "చేతికి తెలిసే చీకటి" అన్న అర్థంలో ఉంది. మన తెలుగు బైబిల్లో "చేతికి తెలియునంత చిక్కని చీకటి" అని ఎంత బాగా రాశారో చూడండి. నా ఉద్దేశంలో పాల్పబుల్‌కి తెలుగులో అంతకన్నా దగ్గరగా వచ్చిన మాట లేదు. నిఘంటువుల్లో కనిపించే "స్పష్టమైన", "ఇంద్రియగోచరమైన" తప్పు కాదు గానీ వాటిలో చెయ్యి లేదు.

చీకటి చేతికి తెలియడం అంటే ఏమిటో మన ప్రాంతంలో చూడాలంటే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలకు పోవాలి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలవి, సందర్శకులను కొంత మేరకే వెళ్లనిస్తారు. పాతాళగంగ వైపు దిగేకొద్దీ గాలి వెచ్చగా, తేమగా, బరువుగా అవుతుంది. అలాంటి చోట ఒక్క నిమిషం లైట్లు పోతే కన్ను పొడుచుకున్నా కనిపించదు. ముఖం ముందు మీ చెయ్యి మీకే కనపడదు. ఆ ఉక్కపోతా, చీకటీ ఒకటే పదార్థమై ఒంటికి అంటుకున్నట్టు అనిపిస్తుంది. 1667లో మిల్టన్ తన మహాకావ్యంలో నరకం నుంచి బయటికి పోయే దారిని "పాల్పబుల్ అబ్‌స్క్యూర్" అన్నాడు. అబ్‌స్క్యూర్ అనే విశేషణాన్ని నామవాచకంగా వాడి, తడమగలిగిన చీకటి అన్నమాట. అదే కావ్యం చివర్లో ఈజిప్టు చీకటిని కూడా "పాల్పబుల్ డార్క్‌నెస్" అంటాడు. బెలుం లోపల నిలబడితే ఆ కవి ఎందుకు అలా అన్నాడో వేరే వ్యాఖ్యానం లేకుండానే తెలుస్తుంది.

ఇంగ్లీషులో ఈ మాట వాడిన తొలి పెద్ద కవుల్లో చాసర్ ఒకడు. 1380 ప్రాంతంలో రాసిన ఒక స్వప్న కావ్యంలో ఒక గద్ద అతన్ని గోళ్లతో పట్టుకుని ఆకాశంలోకి ఎత్తుకుపోతుంది. దారి పొడవునా పాఠం చెబుతుంది. శబ్దం అంటే పగిలిన గాలి అనీ, నీళ్లలో రాయి వేస్తే వలయాలు ఎలా పాకుతాయో గాలిలో మాట అలాగే పాకుతుందనీ వివరిస్తుంది. చివరికి గర్వంగా అంటుంది: శాస్త్ర పరిభాష లేకుండా, కవిత్వపు అలంకారాలు లేకుండా, చదువుకోని మనిషికి కూడా ముక్కు పట్టుకుని ఊపి చూసేంత పాల్పబుల్‌గా నా వాదనలు చెప్పగలను అని. పక్షి కాబట్టి వాదనలకు కూడా ముక్కు పెట్టింది. నాకు ఈ చోటంటే ప్రాణం. ఉపాధ్యాయుడన్నవాడు చెయ్యాల్సిన పని మొత్తం ఆ ఒక్క విశేషణంలో ఉంది. వాదన కంటికి కనిపించదు, చేతికి అందదు. దాన్ని అందించాలి. మాట ఇంగ్లీషులో అడుగుపెట్టిన తొలి రోజుల్లోనే ఒళ్లు లేని దానికి వాడారని కూడా దీనివల్ల తెలుస్తుంది. ముందు వందల ఏళ్లు వస్తువులకే వాడి, తరువాత మెల్లగా భావాలకు వాడారు అనుకోవడం సరికాదు.

షేక్స్‌పియర్ దగ్గర మూడు చోట్లు చెబుతాను. 1590ల నాటి ఒక చారిత్రక నాటకంలో లావుపాటి ఫాల్‌స్టాఫ్ తాను ఇద్దరి పని పట్టానంటాడు, చెబుతుండగానే ఆ ఇద్దరు నలుగురవుతారు, ఏడుగురవుతారు, పదకొండుమంది అవుతారు. విన్న రాకుమారుడు ఈ అబద్ధాలు కన్న తండ్రిలాగే కొండంత ఉన్నాయి, బట్టబయలుగా, పాల్పబుల్‌గా ఉన్నాయి అంటాడు. హామ్లెట్‌లో కత్తిసాము జరుగుతుంటే, తగిలిందా లేదా అని ఇద్దరికీ వాదన వస్తుంది. తీర్పరిగా ఉన్న ఆస్రిక్ "ఎ హిట్, ఎ వెరీ పాల్పబుల్ హిట్" అని తేలుస్తాడు. ఈ వాక్యాన్ని ఇప్పుడు "తిరుగులేని దెబ్బ" అనే అర్థంలో అందరూ వాడుతున్నారు గానీ, అక్కడ అసలు అర్థం కత్తి మొన నిజంగా ఒంటికి తాకింది అనే. గట్టిగా తగిలిందని కాదు, తగిలిందా లేదా అన్న సందేహం తీరిందని. మీ కేస్ షీట్‌లోని "జస్ట్ పాల్పబుల్"కి ఇది ఎంత దగ్గరో చూడండి.

మూడోది మాక్‌బెత్. రాజును చంపబోయే ముందు అతని కళ్ల ముందు గాలిలో ఒక బాకు కనిపిస్తుంది. పట్టుకోబోతాడు, చేతికి రాదు. చూపుకు తెలిసినట్టు స్పర్శకు తెలియవా అని దాన్నే అడుగుతాడు. అయినా, నేను ఇప్పుడు దూస్తున్న ఈ బాకు ఎంత పాల్పబుల్‌గా ఉందో నువ్వూ అంతే ఉన్నావు అంటాడు. చేతికి చిక్కని దాన్నే పట్టుకుని ఆ మాట అంటున్నాడు! అతని మనసు ఎంత చెదిరిందో చెప్పడానికి ఇంకే మాట పెట్టినా ఇంత పని జరగదు. కన్ను ఔనంటోంది, చెయ్యి కాదంటోంది. చెయ్యి చెప్పిందే నిజం, కానీ అతను వినడం లేదు.

మళ్లీ వార్డుకు వద్దాం. "పాల్పబుల్ పర్‌ప్యూరా" అనే మాట మీరు తొందర్లోనే వింటారు. పిల్లల కాళ్ల మీద, పిర్రల మీద ఎర్రగా, ఊదాగా మచ్చలు వస్తాయి. కంటికి అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి కదా, మళ్లీ పాల్పబుల్ అనడం ఎందుకు? మచ్చ అన్నది మామూలుగా కంటికే చెందిన సంగతి. ప్లేట్‌లెట్లు తగ్గి చర్మం కింద రక్తం చిమ్మితే ఆ మచ్చలు చదునుగా ఉంటాయి, కళ్లు మూసుకుని వేలితో రాస్తే చర్మానికీ మచ్చకీ తేడా తెలియదు. సన్నటి రక్తనాళాల గోడలు వాచి మచ్చలు వస్తే అవి కొద్దిగా ఉబ్బి వేలికి తెలుస్తాయి. ఆ ఒక్క తేడాతో డాక్టరు ఆలోచన ఒక జబ్బు నుంచి ఇంకో జబ్బుకు మళ్లుతుంది, కిడ్నీల సంగతి కూడా చూడమంటాడు. ఇక్కడా అదే సూత్రం, కంటికి మాత్రమే తెలియాల్సింది చేతికీ తెలిసింది.

నాడి విషయంలో మాత్రం ఇది తిరగబడుతుంది. "పెరిఫెరల్ పల్సెస్ పాల్పబుల్" అంటే అంతా బాగుందని. పాదం మీద నాడి దొరక్కపోతేనే గాబరా. ఇది విరుద్ధం అనిపించవచ్చు గానీ, నాడి కూడా చర్మం చాటున కంటికి కనపడకుండా ఉన్నదే, చేతితోనే తెలిసేదే. కాకపోతే ఇక్కడ ఆరోగ్యం చేతికి తగులుతోంది, అక్కడ జబ్బు తగులుతుంది. అందుకని పాల్పబుల్ అని కనిపించగానే చెడు అనుకోవద్దు, ఏది పాల్పబుల్ అన్నది చూడండి.

ఈ మాటకు బంధువులు మీకు ముందే తెలుసు. పాల్పిటేషన్, మన గుండెదడ, ఈ ఇంటిదే. లాటిన్‌లో పల్పారేని పదేపదే జరిగేటట్టు చేస్తే పల్పితారే, అంటే కొట్టుకోవడం, అదరడం. తేలుకు ముందు వైపు పట్టుకారులా ఉండే రెండు అవయవాలను పెడిపాల్ప్స్ అంటారు, దారి తడుముకోవడానికీ ఎరను పట్టుకోవడానికీ అవే. శ్రావణమాసంలో కోడుమూరు కొండ మీద కొండలరాయుడికి తేళ్లు సమర్పించే భక్తుల్ని చూసినవాళ్లకు అవి ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ఇక ఇంపాల్పబుల్ పౌడర్ అంటే వేళ్ల మధ్య రాసినా పలుకు తగలనంత మెత్తని పొడి, మన వైద్యులు వస్త్రగాలితం పట్టి చేసే చూర్ణం లాంటిది. కల్పబుల్ మాత్రం బంధువు కాదు. కల్పబుల్ హోమిసైడ్ అని పేపర్లలో చూసే ఆ మాట తప్పు, నేరం అనే అర్థమున్న కుల్పా నుంచి వచ్చింది. ప్యాలటబుల్ అంటే నోటికి రుచించేది, అదీ వేరే. పలికేటప్పుడు బ్యాంకులో "బ్యా" పలికినట్టు మొదట "ప్యా" పలకండి, ఒత్తు అక్కడే. అరచేయి అనే అర్థమున్న పామ్‌లో లాగా ఎల్ మింగేయకూడదు.

ఇక మీ రెండో ప్రశ్న. మన ఆయుర్వేదంలో రోగిని పరీక్షించడానికి దర్శనం, స్పర్శనం, ప్రశ్న అని మూడు చెప్పారు. విజిబుల్ దర్శనానికి చెందింది. పాల్పబుల్ స్పర్శనానికి. నోటిసబుల్ అంటే మన దృష్టి దాని మీదికి పోతుంది అని, అది రంగైనా, నడకైనా, మాట తీరైనా కావచ్చు. పర్సెప్టిబుల్ అంటే ఏ ఇంద్రియానికైనా సరే తెలిసీతెలియనట్టుగా అందేది, చాలాసార్లు కొంచెమే అనే సూచనతో వస్తుంది. ట్యాంజిబుల్ కూడా తాకడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచే వచ్చింది కాబట్టి అందరూ తికమక పడతారు. తేడా ఏమిటంటే ట్యాంజిబుల్‌లో చేతిలోకి తీసుకుని లెక్క పెట్టుకోవచ్చు అన్న భావం ఉంది. అందుకే ఆస్తులు, లాభాలు, సాక్ష్యాలు, ఫలితాలు ట్యాంజిబుల్ అవుతాయి. భయం, ఉత్సాహం, ఊరట, నిశ్శబ్దం, టెన్షన్ పాల్పబుల్ అవుతాయి. కోర్టు తీర్పుల్లో "పాల్పబ్లీ రాంగ్" అంటే తప్పు వెతకాల్సిన పని లేదు, చెయ్యి పెడితే తగులుతుంది అని.

సందేహం వస్తే ఇలా సరిచూసుకోండి. మంచం పాల్పబుల్ అని ఎవరైనా అంటారా? అనరు. చేతికి అందడం దానికి మామూలే కాబట్టి అందులో చెప్పడానికేమీ లేదు. ఆ వస్తువు మామూలుగా చేతికి దొరకనిదై ఉండాలి. అప్పుడే ఈ మాటకు పని.

నోట్స్‌లో మాత్రం మీరు కవులను అనుసరించకండి. పాలిపోవడం, కామెర్లు, ఆయాసం, కాళ్ల వాపు కంటికి కనిపిస్తున్నాయి కాబట్టి ప్రెజెంట్ అనో, విజిబుల్ అనో రాయండి. కాళ్ల వాపుని వేలితో నొక్కి గుంట పడిందని చూస్తే దానికి పిట్టింగ్ అని వేరే మాట ఉంది. పాల్పబుల్ అని రాశారంటే మీ చెయ్యి అక్కడ పడిందని సంతకం పెట్టినట్టే. పక్కనే ఎక్కడ, ఎన్ని సెంటీమీటర్లు, మెత్తగానా గట్టిగానా, నొప్పి ఉందా లేదా అన్నవి కూడా రాయాలి. "స్ప్లీన్ పాల్పబుల్, ఎడమ పక్కటెముకల అంచు కింద 2 సెంటీమీటర్లు, మెత్తగా, నొప్పి లేదు" అంటే రేపు ఉదయం డ్యూటీకి వచ్చే మనిషి అదే చోట చెయ్యి వేసి పెరిగిందో తగ్గిందో చెప్పగలరు. "నాట్ పాల్పబుల్" అని రాస్తే ప్లీహం మామూలుగా ఉందని కాదు, చేతికి అందలేదు అని మాత్రమే. అది నిజంగా ఎంత ఉందో అల్ట్రాసౌండ్ చెప్పాలి.

రోగి బంధువుల ఆందోళన గురించి రాయాల్సి వస్తే అక్కడ పాల్పబుల్ వద్దు. "యాంక్షియస్" అని రాసి, వాళ్లు ఏమి అడిగారో ఒక వాక్యం చేర్చండి.